‘ఇంకా చవక’ను ఇంగ్లిషులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇప్పుడు ఒక చేనేత చీరల దుకాణంలో ఆన్‌లైన్ అమ్మకాలు చూస్తున్నాను. బెంగళూరు, ముంబయి నుంచి అడిగేవారికి వాట్సాప్‌లో ఇంగ్లిషులోనే జవాబులు రాయాలి. మొన్న ఒకరికి ‘దిస్ మంగళగిరి శారీ ఈజ్ మోర్ చీపర్ ద్యాన్ దట్ గద్వాల్ శారీ అండ్ వెరీ బెటర్ ఫర్ సమ్మర్. ఇట్ ఈజ్ వన్ ఆఫ్ ద బెస్ట్ శారీ ఇన్ అవర్ షాప్’ అని రాశాను. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అది చూసి మూడు తప్పులున్నాయంది. ఎక్కడ ‘ఎర్’ చేర్చాలో, ఎక్కడ ‘మోర్’ పెట్టాలో సూత్రాలు నేనూ చదివాను, కానీ రాసేటప్పుడు చేయి మాట వినడం లేదు. మా అమ్మాయికీ ఒక సందేహం ఉంది. ‘ద గోదావరి ఈజ్ లాంగర్ ద్యాన్ ఎనీ రివర్ ఇన్ సౌత్ ఇండియా’ అని రాస్తే వాళ్ల టీచరు గారు ఎందుకు కొట్టేశారు? చివరగా, మా యజమాని చీరలిచ్చే సంచుల మీద ‘చీప్ అండ్ బెస్ట్’ అని అచ్చు వేయిస్తానంటున్నారు. అది సరైన ఇంగ్లిషేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ అమ్మాయి లెక్క సరైనదే, మూడు తప్పులున్నాయి. అయితే వాటిలో మొదటి రెండూ మీ తెలుగులోంచి నేరుగా దిగి వచ్చినవి. సూత్రాలు తెలిసినా చేయి మాట వినకపోవడానికి కారణం అక్కడే ఉంది కనుక, ముందుగా మన భాషలో పోలిక ఎలా నడుస్తుందో చూద్దాం.

కొనడానికి వచ్చినవారి ముందు రెండు చీరలు పరిచి మీరు మాట్లాడే తీరును ఒకసారి గుర్తు చేసుకోండి. ‘ఇది దానికంటే చవక’ అంటారు. ఈ వాక్యంలో పోలిక భారమంతా ‘కంటే’ మోస్తుంది. ఒంటి చీరను చూపి ‘ఇది చవక’ అన్నప్పుడు ఆ ‘చవక’ ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది. ‘అన్నిటికన్నా చవక’ అన్నా దానిలో మార్పు రాదు. ఎదురుగా రెండే వస్తువులుంటే ‘కంటే’తోనూ పని లేదు, ‘రెండింటిలో ఏది మంచిది?’ అంటే చాలు, ఏది మెరుగని అడుగుతున్నారో అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లిషులో మాత్రం పోలిక గుర్తును విశేషణమే ధరించాలి. ‘చీప్’ అనే మాట ‘చీపర్’గా, ‘చీపెస్ట్’గా మారి తీరాలి, ‘ద్యాన్’ చేసే పని ఎదుటి వస్తువు ఏదో చూపించడం మాత్రమే. అందువల్లనే ‘విచ్ వన్ ఈజ్ గుడ్?’ అని మనవాళ్లు అడిగినప్పుడు, ఇంగ్లిషే మాతృభాష అయిన మనిషికి ఆ రెండింటిలో ఏదో ఒకటి బాగాలేదేమో అన్న అనుమానం కలుగుతుంది. అక్కడ ‘విచ్ వన్ ఈజ్ బెటర్?’ అనాలి.

ఇక ‘మోర్ చీపర్’ ఎలా పుట్టిందో చూడండి. బేరం దగ్గర మన నోటి నుంచి తరచుగా వచ్చే మాట ‘ఇంకా’. ‘ఈ మంగళగిరి ఇంకా చవకండీ’ అంటాం. ఆ ‘ఇంకా’కు ఇంగ్లిషు మాట వెతికితే మొదట చేతికి తగిలేది ‘మోర్’, ఎందుకంటే ‘ఇంకా కావాలా?’ అన్నచోట అది చక్కగా అతుకుతుంది. ఈలోగా బడిలో నేర్చిన సూత్రం ‘చీపర్’ను అందిస్తుంది. ఒకే పని చేసే రెండు గుర్తులు పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లిషు విశేషణం మీద పోలిక గుర్తు ఒక్కటే ఉండాలి, అది చివర చేరే ‘ఎర్’ కావచ్చు, ముందు నిలిచే ‘మోర్’ కావచ్చు. మీ మనసులో ఉన్న ‘ఇంకా’ను అలాగే ఉంచుకోవాలనుకుంటే దానికి సరైన మాట ‘ఈవెన్’: ‘ఈవెన్ చీపర్’. కాకపోతే, ‘ఇంకా చవక’ అన్నప్పుడు పోల్చిన రెండో చీర కూడా చవకైనదేనన్న సూచన ఎలా ఉంటుందో, ‘ఈవెన్ చీపర్’లోనూ అలాగే ఉంటుంది. నూలు ఒంటికి పట్టు అంచు, జరీ ఉన్న గద్వాల చీరను మంగళగిరి నూలు చీరతో పోల్చేటప్పుడు ఆ సూచన పొసగదు కనుక, మీ వాక్యంలో ఒట్టి ‘చీపర్’ చాలు.

‘వెరీ బెటర్’ కూడా ఇలాంటిదే. మన ‘చాలా’ ఎక్కడైనా ఒదుగుతుంది: ‘ఇది చాలా మంచిది’, ‘ఇది దానికంటే చాలా మంచిది’. ఇంగ్లిషు ఈ రెండు చోట్లకూ వేర్వేరు మాటలు కేటాయించింది. మామూలు విశేషణం ముందు ‘వెరీ’, పోలిక రూపం ముందు ‘మచ్’ లేదా ‘ఫార్’. కనుక ‘వెరీ గుడ్’, ‘మచ్ బెటర్’. ‘వెరీ చీప్’, ‘మచ్ చీపర్’. ‘వెరీ ఎక్స్‌పెన్సివ్’, ‘మచ్ మోర్ ఎక్స్‌పెన్సివ్’. కొంచెం తేడా ఉన్నప్పుడు ‘ఎ లిటిల్ చీపర్’ అనవచ్చు. ఇంత అని లెక్క చెప్పదలిస్తే మీ పని మరింత సులువు, ఎందుకంటే అక్కడ తెలుగు వరసే ఇంగ్లిషు వరస కూడా. ‘రెండు వందలు తక్కువ’ అన్నట్టే ‘టూ హండ్రెడ్ రుపీస్ చీపర్’, ‘రెండేళ్లు పెద్ద’ అన్నట్టే ‘టూ ఇయర్స్ ఓల్డర్’.

పెద్ద, చిన్న అన్నాను కనుక ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. ‘మా అక్క నాకంటే పెద్ద’ అనడానికి మన దేశమంతటా ‘ఎల్డర్ టు మీ’ వినిపిస్తుంది. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ లాటిన్ భాషలో అప్పటికే పోలిక రూపాలు. అవి ఇంగ్లిషులోకి వచ్చాక ‘ద్యాన్’ బదులు ‘టు’ను వెంట తెచ్చుకున్నాయి. ఆ అలవాటే ‘ఎల్డర్’కూ అంటినట్టుంది. ప్రామాణిక ఇంగ్లిషులో ‘ఎల్డర్’ నామవాచకం ముందు మాత్రమే నిలుస్తుంది, ‘మై ఎల్డర్ సిస్టర్’ అన్నట్టుగా. పోల్చేటప్పుడు ‘ఓల్డర్ ద్యాన్ మీ’ అనాలి. మనకు ఈ చిక్కు లేదు. అక్క, చెల్లెలు అనే మాటల్లోనే ఎవరు పెద్దో చెప్పేశాం.

రెండు గుర్తులు పెట్టడం పెద్ద నేరమేమీ కాదని కూడా చెప్పాలి. షేక్స్‌పియర్ కాలంలో అది మామూలు వాడుకే, ఆయన నాటకంలో ‘మోస్ట్ అన్‌కైండెస్ట్’ అన్న ప్రయోగం ఉంది. దాన్ని తప్పుగా నిర్ణయించింది తర్వాతి కాలపు వ్యాకర్తలు, ముఖ్యంగా పద్దెనిమిదో శతాబ్దం వారు. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘ఉత్తమం’ అంటేనే సంస్కృతంలో అన్నిటికన్నా మేలైనదని అర్థం, అయినా దానికి ముందు ‘అతి’ తగిలించి ‘అత్యుత్తమం’ అని నిశ్చింతగా రాస్తున్నాం.

ఆ మాటకొస్తే, ఇంగ్లిషు పద్ధతి మీకు పూర్తిగా కొత్తది కాదు. అచ్చ తెలుగు విశేషణాలకు పోలిక ప్రత్యయాలు లేవు కానీ, సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న మాటల్లో అవి పుష్కలంగా ఉన్నాయి. గురుతరమైన బాధ్యత, మహత్తరమైన పని, ప్రియతమ నాయకుడు అంటున్నామే, వాటి చివర ఉన్న ‘తర’, ‘తమ’ అవే. ఆ రెండూ కలిసినదే మన ‘తరతమ భేదం’, దాని నుంచి వచ్చిందే ‘తారతమ్యం’. వీటికి తోడు సంస్కృతంలో ఇంకో ప్రత్యయం ఉంది, ‘ఇష్ఠ’. జ్యేష్ఠుడు, కనిష్ఠుడు, శ్రేష్ఠం అనే మాటల చివర ఉన్నది అదే. వాతావరణ వార్తల్లో రోజూ వినే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలలోనూ అదే. ఈ ‘ఇష్ఠ’, ఇంగ్లిషు ‘ఎస్ట్’ ఒకే పురాతన ప్రత్యయం నుంచి పుట్టిన తోబుట్టువులు. ‘స్వాదు’ అంటే తీయనిది, ‘స్వాదిష్ఠం’ అంటే మిక్కిలి తీయనిది. దాని పక్కన ‘స్వీట్’, ‘స్వీటెస్ట్’ పెట్టి చూడండి, మూలమూ ప్రత్యయమూ రెండూ కలుస్తాయి. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో ఇటువంటి చుట్టరికం ఉందని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించాడు. తెలుగు ఆ కుటుంబానికి చెందదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ చెప్పాడు. మీ చేయి మాట వినకపోవడం వెనుక ఇంత కథ ఉంది.

‘ఎర్’ ఎక్కడ, ‘మోర్’ ఎక్కడ అన్నదానికి మీరు చదువుకున్న సూత్రం మాట పొడవు మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని గుర్తుంచుకోవడానికి తెలుగు లిపి తెలిసినవారికి ఒక సుళువు ఉంది. ఇంగ్లిషు మాటను మనసులో తెలుగు అక్షరాలతో రాసుకోండి, పొల్లులను వదిలేసి మిగిలిన అక్షరాలను లెక్కపెట్టండి. ‘సాఫ్ట్’లో రెండు పొల్లులు పోతే మిగిలేది ‘సా’ ఒక్కటే. ‘చీప్’, ‘లైట్’, ‘థిక్’, ‘బ్రైట్’ కూడా అంతే. ఒక్క అక్షరం మిగిలితే ‘ఎర్’, ‘ఎస్ట్’ చేర్చాలి: సాఫ్టర్, లైటర్, థికర్, బ్రైటెస్ట్. ‘ఎక్స్‌పెన్సివ్’లో ఎ, పె, సి అని మూడు మిగులుతాయి, ‘డెలికేట్’లోనూ మూడే. మూడు గానీ అంతకు మించి గానీ మిగిలితే ‘మోర్’, ‘మోస్ట్’ పెట్టాలి: మోర్ ఎక్స్‌పెన్సివ్, మోస్ట్ డెలికేట్. ఇంగ్లిషు అక్షరాలను లెక్కపెట్టడం కంటే ఇది నమ్మదగిన పద్ధతి. ‘చీప్’ను ఇంగ్లిషులో రాస్తే అచ్చు అక్షరాలు రెండు కనిపిస్తాయి గానీ పలికేది ఒక్క అచ్చే, ఆ సంగతి మన లిపి వెంటనే పట్టిస్తుంది.

చిక్కంతా రెండు అక్షరాలు మిగిలే మాటలతోనే. ‘హెవీ’, ‘షైనీ’, ‘ఫ్యాన్సీ’ లాగా చివర ఈ-కారం పలికేవి ‘ఎర్’నే కోరుకుంటాయి: హెవియర్, షైనియర్. ఇంగ్లిషులో రాసేటప్పుడు వాటి చివరి వై అక్షరం ఐగా మారుతుంది. ‘సింపుల్’, ‘న్యారో’ కూడా ఈ జట్టులోవే. సన్నంచు చీరను ఇంకో సన్నంచు చీరతో పోలిస్తే ‘న్యారోవర్ బోర్డర్’ అనవచ్చు. ‘మోడర్న్’, ‘యూస్‌ఫుల్’ వంటివి ‘మోర్’ను తీసుకుంటాయి. ‘కామన్’, ‘పొలైట్’ వంటివి రెండు విధాలా చెల్లుతాయి. రెండక్షరాల మాట దగ్గర ఎటూ తేలకపోతే ‘మోర్’ పెట్టడం మేలు, చెవికి పెద్దగా వెలితి కనిపించదు. ఒక్క అక్షరం మిగిలినా ‘మోర్’ను కోరే మాటలు కొన్ని ఉన్నాయి, వాడకంతో అరిగిన బట్టను ‘మోర్ వోర్న్’ అన్నట్టుగా, కానీ అవి మీకు రోజూ తగిలేవి కావు. స్పెల్లింగులో ఒక్క జాగ్రత్త చాలు. ‘థిన్’, ‘బిగ్’ వంటి మాటల్లో ఒకే అచ్చు అక్షరం, దాని తర్వాత ఒకే హల్లు ఉంటాయి కనుక ఆ చివరి హల్లును రెండుసార్లు రాసి ఎర్ చేర్చాలి. ‘చీప్’లో అచ్చు అక్షరాలు రెండు, ‘థిక్’ చివర హల్లులు రెండు, కనుక వాటికి ఆ పని లేదు. ‘గుడ్, బెటర్, బెస్ట్’, ‘బ్యాడ్, వర్స్, వర్స్ట్’ మీకు కంఠతా వచ్చినవే. అవి వేర్వేరు మూలాల మాటలు ఒక కుటుంబంలా కలిసిపోయినవి కనుక ఏ సూత్రానికీ లొంగవు.

మూడో తప్పు ‘వన్ ఆఫ్ ద బెస్ట్ శారీ’. మనం ‘మేలైన చీరల్లో ఒకటి’ అంటాం, అంటే చీరలు అనేకమని తెలుగులో సరిగ్గానే చెబుతున్నాం. ఇంగ్లిషులో ‘వన్’ ముందుకు రావడంతో మన దృష్టి ఒకటి దగ్గరే ఆగిపోయి ‘శారీ’ ఏకవచనంలో ఉండిపోతుంది. ‘వన్ ఆఫ్ ద బెస్ట్ శారీస్’ అని రాయండి. ‘బెస్ట్’ ముందు ‘ద’ పెట్టారు, సంతోషం. ‘అవర్’, ‘మై’ లాంటివి వచ్చినప్పుడు మాత్రం ఆ ‘ద’ తప్పుకోవాలి: ‘అవర్ చీపెస్ట్ శారీ’. మన ‘లో’ విషయంలో కూడా కాస్త ఆగి ఆలోచించాలి. ‘దుకాణంలో’, ‘ఈ అయిదింటిలో’ అని రెండు చోట్లా మనకు ఒకే ‘లో’ సరిపోతుంది. ఇంగ్లిషులో చోటుకూ సమూహానికీ ‘ఇన్’, లెక్కించదగిన వస్తువులకు ‘ఆఫ్’: ‘ద చీపెస్ట్ ఇన్ ద షాప్’, ‘ద చీపెస్ట్ ఆఫ్ ద ఫైవ్’. ఉన్నవి రెండే అయితే ‘ద చీపర్ ఆఫ్ ద టూ’ అనడం శుద్ధమైన ప్రయోగం. ఇప్పుడు మీ సందేశం ఇలా ఉంటుంది: ‘దిస్ మంగళగిరి శారీ ఈజ్ చీపర్ ద్యాన్ దట్ గద్వాల్ శారీ అండ్ మచ్ బెటర్ ఫర్ సమ్మర్. ఇట్ ఈజ్ వన్ ఆఫ్ ద బెస్ట్ శారీస్ ఇన్ అవర్ షాప్.’

మీ వృత్తికి బాగా పనికివచ్చే నిర్మాణం మరొకటి ఉంది, మన ‘ఎంత... అంత’కు అది అచ్చంగా జోడు. నూలు కౌంటు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందని మీ నేతగాళ్లకు తెలుసు. ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగితే అంత కౌంటు కనుక, 80 కౌంటు కంటే 120 కౌంటు నూలు సన్నం. ‘కౌంటు ఎంత ఎక్కువైతే దారం అంత సన్నం’ అని బెంగళూరు వారికి చెప్పాలంటే ‘ద హయ్యర్ ద కౌంట్, ద ఫైనర్ ద యార్న్’ అంటే సరి. క్రియాపదం కూడా అక్కర్లేదు.

ఇక మీ అమ్మాయి గోదావరి. ఆమె రాసిన సమాచారం నిజమే. దక్షిణ భారతంలో గోదావరే పొడవైన నది. దాని పొడవు 1,465 కిలోమీటర్లు, కృష్ణ పొడవు సుమారు 1,400. తప్పు తర్కంలో ఉంది. ‘దక్షిణ భారతంలోని ఏ నది కంటే అయినా గోదావరి పొడవు’ అంటే, గోదావరి కూడా దక్షిణ భారతంలోని నదే కనుక, అది తనకంటే తానే పొడవని చెప్పినట్టవుతుంది. తెలుగులో మనం ‘మిగతా’ అనే మాటతో ఈ చిక్కును దాటుతాం, ఇంగ్లిషులో ఆ పని ‘అదర్’ చేస్తుంది: ‘లాంగర్ ద్యాన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా’. పోల్చే గుంపులో ఆ వస్తువు లేనప్పుడు ‘అదర్’ అక్కర్లేదు. ‘ద గోదావరి ఈజ్ లాంగర్ ద్యాన్ ఎనీ రివర్ ఇన్ శ్రీలంక’ నిర్దోషమైన వాక్యం. ఇదే సంగతిని పరీక్షలో మామూలు విశేషణంతో రాయమంటే ‘నో అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ద గోదావరి’ అని రాయాలి. అక్కడ ‘లాంగ్’ మారకూడదు, ఎందుకంటే ‘యాజ్... యాజ్’ మన ‘అంత’ లాంటిది. దేశం మొత్తం మీద గంగ తర్వాతి స్థానం గోదావరిది. దాన్ని ‘రెండో పొడవైన నది’ అంటాం కదా అని ‘సెకండ్ లాంగ్ రివర్’ అనకూడదు, ‘సెకండ్ లాంగెస్ట్’ అనాలి.

మీ యజమాని సంచుల సంగతి వ్యాకరణంతో మాత్రమే తేలేది కాదు. వ్యాకరణం వరకు చూస్తే, ఒకటి మామూలు రూపం, ఒకటి అన్నిటికన్నా మేలన్న రూపం కనుక జత కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. అసలు ఇబ్బంది ‘చీప్’ అనే మాటతో. మనకు ‘చవక’ అంటే సంతోషం. ఇంగ్లిషు వారి చెవికి ‘చీప్’లో ధరతో పాటు నాసిరకమన్న వాసన కూడా తగులుతుంది. పైగా వారు సరుకును ‘చీప్’ అంటారు, ధరను ‘లో’ అంటారు. మనకు ‘చౌకధరల దుకాణం’ చిన్నప్పటి నుంచి అలవాటైన మాట కావడంతో ‘చీపర్ ప్రైస్’ అనేస్తాం, దానికి బదులు ‘లోయర్ ప్రైస్’ అనడం మంచిది. ధరలను పోల్చేటప్పుడు ధరతో ధరనే పోల్చాలి. ‘అవర్ ప్రైసెస్ ఆర్ లోయర్ ద్యాన్ అదర్ షాప్స్’ అంటే ధరలను దుకాణాలతో పోల్చినట్టవుతుంది కనుక చివర ‘దోజ్ ఇన్ అదర్ షాప్స్’ అని పూర్తి చేయండి.

‘చీప్ అండ్ బెస్ట్’ మన బజార్లలో తరాలుగా నలిగి ఇంచుమించు తెలుగు మాటే అయిపోయింది. మీ ఊళ్లో ఆ సంచి పట్టుకుని వెళ్లేవారెవరూ దాన్ని తప్పుగా అర్థం చేసుకోరు, కనుక అచ్చు వేయించడానికి నాకేమీ అభ్యంతరం కనిపించడం లేదు. బయటి రాష్ట్రాలకు పంపే పార్సిళ్ల మీద, వాట్సాప్ సందేశాల్లో మాత్రం ఆ చోట ‘అఫర్డబుల్’ పెట్టండి. పోల్చవలసి వస్తే పొల్లులు తీసేసి లెక్కపెట్టండి: అ, ఫ, డ, బు. నాలుగు మిగిలాయి కనుక ‘మోర్ అఫర్డబుల్’.